మిలియన్ డాలర్ల నోటు చేతికొస్తే ముందు చూడాల్సినవి

అమెరికా ప్రభుత్వం మిలియన్ డాలర్ల నోటు ఎప్పుడూ అచ్చు వెయ్యలేదు. పాత పెట్టెలో దొరికిందనో, ఎవరో బహుమతిగా ఇచ్చారనో, ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తోందనో ఆ కాగితం పట్టుకుని "బ్యాంకులో మారుస్తారా" అని అడిగేవాళ్ళకి ఈ ఒక్క ముక్క చాలు. మార్చరు. కానీ కోటి కోట్ల డాలర్ల నోటు మాత్రం నిజంగానే ఉంది. జింబాబ్వే రిజర్వు బ్యాంకు వేసింది, జనం చేతుల్లో తిరిగింది కూడా, ఇప్పుడది ఏ కౌంటర్లోనూ చెల్లదు. అందుకని అంకె పెద్దది కాబట్టి ఉత్తుత్తి నోటే అనుకోవడం తప్పు, అసలైన నోటే కాబట్టి డబ్బు వస్తుందనుకోవడం ఇంకా పెద్ద తప్పు. "ఇది అసలుదేనా", "ఇది ఇప్పుడు చెల్లుతుందా", ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. వీటిని కలపకుండా చూసుకుంటే మీ చేతిలో ఉన్నదేంటో చాలావరకు మీరే తేల్చుకోవచ్చు.

ముందు సున్నాలు లెక్కపెట్టండి, వేలు పెట్టి మరీ. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. వంద ట్రిలియన్లు అంటే 1 తర్వాత 14 సున్నాలు, అంటే కోటి కోట్లు. ఇక్కడే ఒక తిరకాసుంది. యూరప్‌లో చాలా భాషల్లో లెక్క వేరు. జర్మనీ 1923 నాటి ధరల పిచ్చిలో తెచ్చిన వాటిల్లో అన్నిటికంటే పెద్ద నోటు మీద 100 బిలియోనెన్ మార్క్ అని ఉంటుంది (నోటు మీద తేదీ మాత్రం 1924 ఫిబ్రవరి 15). అది వంద బిలియన్లు కాదు, వంద ట్రిలియన్లు, అంటే జింబాబ్వే నోటుతో సరిసమానం. అమ్మేవాళ్ళు కూడా దీన్ని తప్పుగా రాసేస్తుంటారు, కొన్నిసార్లు తెలియక, కొన్నిసార్లు తెలిసే.

హంగరీది అయితే మరీ విచిత్రం. 1946లో అక్కడ బయటికొచ్చిన అతి పెద్ద నోటు విలువ 1 తర్వాత 20 సున్నాల పెంగోలు. కానీ నోటు మీద ఆ సున్నాల వరస కనపడదు, అక్షరాల్లో "పది కోట్ల బి-పెంగో" అనే అర్థం వచ్చేలా రాసి ఉంటుంది, ఒక్క బి-పెంగో అంటే లక్ష కోట్ల పెంగోలు. దానికి పదింతల నోటు కూడా అచ్చయింది, బయటికి రాలేదు. అదే ఏడాది ఆగస్టు 1న ఫోరింట్ అనే కొత్త కరెన్సీ వచ్చి పెంగో కథ ముగిసింది. అంటే ప్రపంచంలో జనం వాడిన అతి పెద్ద నోటు మీద పెద్ద అంకె అనేదే లేదు. ఉత్తుత్తి నోట్లు తయారుచేసేవాళ్ళు మాత్రం సున్నాలన్నీ బారుగా పేరుస్తారు, కొనేవాడికి కావలసింది అదే కదా.

ఇప్పుడు అసలు పని. నోటు మీద దేశం పేరు, జారీ చేసిన సంస్థ పేరు చదవండి. ఆ దేశపు సెంట్రల్ బ్యాంకు సైట్‌లోకి వెళ్ళి ఆ డినామినేషన్, అంటే అంత విలువున్న నోటు, ఎప్పుడైనా ఉందా అని చూడండి. ఎప్పుడూ లేకపోతే ఇక కాగితం నాణ్యత, మెరుపు, పక్కనిచ్చిన సర్టిఫికెట్ ఏవీ చూడక్కర్లేదు. చాలామంది ఇక్కడే తలకిందులుగా మొదలెడతారు. నోటుని వెలుగుకి పెట్టి, రుద్ది, "అబ్బ ఎంత బాగుందో, అసలుదే అయ్యుంటుంది" అనుకుంటారు. ఉత్తుత్తి నోటుని కూడా బాగానే అచ్చు వెయ్యొచ్చు. ఉదాహరణకి మిలియన్ డాలర్ల "స్పెషల్ ఇష్యూ" అని ఒక రకం తిరుగుతుంటుంది, దాన్ని ప్లాటినం సర్టిఫికెట్ అని కూడా అంటారు. దాని గురించి జనం ఎన్నిసార్లు అడిగారో గానీ అమెరికా ట్రెజరీయే వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది: అదొక కెనడా కంపెనీ సేకరణ వస్తువుగా ఒక్కోటి ఒక్క డాలరుకి అమ్మిన కాగితం, ప్రభుత్వ నోటు కాదు, మార్చడం కుదరదు అని.

సైట్ తెరిచే ఓపిక లేనివాళ్ళకి ఒక అడ్డదారి చెప్తాను. బలమైన కరెన్సీ, బోలెడు సున్నాలు, రెండూ ఒకే కాగితం మీద కనిపిస్తే అనుమానించండి. అమెరికా ఇప్పుడు వేసే నోట్లలో పెద్దది 100 డాలర్లు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌ది 50 పౌండ్లు. యూరోలో 500 నోటు ఇవ్వడం 2019లో ఆపేశారు, ఉన్నవి చెల్లుతాయి, కొత్తగా ఇచ్చేవాటిలో పెద్దది 200. స్విట్జర్లాండ్‌ది 1,000 ఫ్రాంకులు, ఇది కాస్త ఎక్కువే. సింగపూర్ 10,000 డాలర్ల నోటు ఉండేది, 2014 నుంచి కొత్తగా ఇవ్వడం లేదు, అయినా చెల్లుతుంది. పెద్ద నోట్లు తగ్గించడానికి కారణం తెలిసిందే, నల్లడబ్బు దాచేవాళ్ళకి అవి మహా వాటం, మామూలు జనానికి పెద్దగా అక్కర్లేదు. ఇండియాలో కూడా 10,000 రూపాయల నోటు 1938లో వచ్చి 1946లో రద్దయింది, 1954లో మళ్ళీ వచ్చి 1978లో మళ్ళీ పోయింది.

దీనికి ఇంకోవైపు కూడా ఉంది. వియత్నాం 5 లక్షల డాంగ్‌ల నోటు, ఇండోనేషియా లక్ష రూపయ్యల నోటు చూసి ఉత్తుత్తివి అనుకోవద్దు, రెండూ రోజూ బజార్లో నడిచే నోట్లే. విలువ మాత్రం మొదటిది సుమారు 20 అమెరికా డాలర్లు, రెండోది 6 డాలర్ల చుట్టుపక్కల.

సున్నాల నోట్లు ఎక్కడెక్కడ నిజంగా వచ్చాయో కాస్త గుర్తుంటే చాలా పని తప్పుతుంది. గ్రీసులో 1944లో 10 వేల కోట్ల డ్రాక్మాలు. చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతీయ బ్యాంకు 1949లో 600 కోట్ల యువాన్లు. యుగోస్లావియాలో 1993లో 50 వేల కోట్ల దీనార్లు, దాని మీద యోవన్ యోవనోవిచ్ జ్మాయ్ అనే కవి బొమ్మ ఉంటుంది. వెనిజులా 2021 మార్చిలో 10 లక్షల బొలివార్ల నోటు తెచ్చి, అదే ఏడాది అక్టోబర్లో కరెన్సీ నుంచి ఆరు సున్నాలు కొట్టేసింది. యుద్ధమో, ఖజానా ఖాళీ అవ్వడమో, ప్రభుత్వం అచ్చేసిన కాగితంతోనే ఖర్చులు గడుపుకోవడమో జరిగిన చోటే ఇలాంటి నోట్లు పుట్టాయి. అంటే సున్నాలు పెరిగేకొద్దీ ఆ నోటు డబ్బుగా పనికొచ్చిన రోజులు తగ్గిపోతాయన్నమాట.

జింబాబ్వే నోటు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే కొనుగోళ్ళూ మోసాలూ రెండూ ఎక్కువ దీని చుట్టూనే. 100 ట్రిలియన్ల నోటు 2009 జనవరిలో బయటికొచ్చింది, కానీ నోటు మీద హరారే, 2008 అనే ఉంటుంది, అది చూసి దొంగది అనుకోకండి. నీలం రంగు ఎక్కువ. ముందు వైపు ఒకదాని మీద ఒకటి నిలబడిన బండరాళ్ళు, వెనకవైపు విక్టోరియా జలపాతం, అడవి దున్న. రిజర్వు బ్యాంకు గవర్నర్ గిడియన్ గోనో సంతకం. సీరియల్ నంబర్ ముందు రెండక్షరాలు, సాధారణంగా ఏఏ, తర్వాత ఏడు అంకెలు. వెలుగుకి ఎత్తి పట్టుకుంటే జింబాబ్వే పక్షి వాటర్‌మార్క్, సెక్యూరిటీ థ్రెడ్ కనిపించాలి. రంగు మారే సిరాతో వేసిన చిన్న పక్షి బొమ్మ ఒకటుంటుంది, నోటుని అటూ ఇటూ వంచితే బంగారు రంగు నుంచి ఆకుపచ్చలోకి తిరగాలి. నకిలీల్లో ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే, పక్షి ఎటు వంచినా ఒకే రంగులో నిర్జీవంగా ఉంటుంది.

జింబాబ్వే 100 ట్రిలియన్లకి మించి ఏ నోటూ వెయ్యలేదు. క్వాడ్రిలియన్ (వెయ్యి ట్రిలియన్లు), క్వింటిలియన్, ఇంకా నోరు తిరగని పేర్లతో, బంగారు రేకులా మెరుస్తూ, పక్కన "అథెంటిసిటీ సర్టిఫికెట్"తో వచ్చేవన్నీ ఎవరో ప్రైవేటుగా తయారుచేసి అమ్ముకునే సరుకు. 100 ట్రిలియన్ అని రాసి ఉన్న బంగారు రేకు నోటు కూడా అంతే, ఆ అంకె నిజం, ఆ వస్తువు కాదు. 24 క్యారెట్లు అని రాస్తారు గానీ అది ప్లాస్టిక్ మీద పట్టించిన పల్చటి లోహపు పూత, కరిగిస్తే ఏమీ మిగలదు.

పోనీ అసలు నోటే ఉందనుకుందాం, డబ్బొస్తుందా? 2015లో జింబాబ్వే రిజర్వు బ్యాంకు పాత డాలర్లకి చివరి లెక్క తేల్చేసింది. నగదుగా తెచ్చినవాళ్ళకి 250 ట్రిలియన్లకి ఒక అమెరికా డాలరు ఇచ్చారు, అంటే 100 ట్రిలియన్ల నోటుకి 40 సెంట్లు. బ్యాంకు ఖాతాల్లో 175 క్వాడ్రిలియన్ల లోపు ఉన్నవాళ్ళకి మొత్తంగా 5 డాలర్లు. సెప్టెంబరుతో ఆ గడువు అయిపోయింది. ఇప్పుడు ఆ నోటుకి ఉన్న ధర అంతా సేకరించేవాళ్ళు ఇచ్చేదే, తమాషా ఏంటంటే బ్యాంకు ఇచ్చినదానికంటే వాళ్ళే చాలా ఎక్కువ ఇస్తున్నారు. అందుకే దీనికి నకిలీలు కూడా వచ్చాయి, ఏ దేశంలోనూ చెల్లని నోటుకి దొంగనోట్లు!

ఇక మూడో రకం. అసలైనవే, కానీ మీ చేతికి వచ్చే అవకాశం లేనివి. 1934 సిరీస్ అమెరికా లక్ష డాలర్ల గోల్డ్ సర్టిఫికెట్ (బంగారం హామీగా వేసిన నోటు) ఇందులో మొదటిది. మీద ఉడ్రో విల్సన్ బొమ్మ. 1934 డిసెంబర్ 18 నుంచి 1935 జనవరి 9 వరకు అచ్చేశారు, ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులు తమలో తాము లెక్కలు సరిచేసుకోవడానికే వాడాయి, జనంలోకి ఒక్కటీ రాలేదు, ప్రైవేటు వ్యక్తి దగ్గర ఉండటమే చట్టవిరుద్ధం. కాబట్టి ఎవరైనా అమ్ముతున్నారంటే అది కాపీ, లేదా మీరు పోలీసులకి సమాధానం చెప్పుకోవాల్సిన వస్తువు, మూడో అవకాశం లేదు. బ్రిటన్‌లో స్కాట్లాండ్, ఉత్తర ఐర్లండ్ బ్యాంకులు వేసుకునే సొంత నోట్లకి వెనక హామీగా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దగ్గర మిలియన్ పౌండ్ల "జెయింట్"లు, పది కోట్ల పౌండ్ల "టైటన్"లు ఉంటాయి, అవి లోపలే ఉంటాయి. 1948లో మార్షల్ ప్లాన్ (రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్‌కి అమెరికా ఇచ్చిన సాయం) లెక్కల కోసం వేసిన మిలియన్ పౌండ్ల ట్రెజరీ నోట్లలో రద్దు ముద్ర పడిన ఒకటి 2008లో వేలానికొచ్చి 78,300 పౌండ్లు పలికింది. మిలియన్ పౌండ్లు కాదు, గమనించండి.

వీటితో కలిపేయకూడనివి అమెరికా 500, 1,000, 5,000, 10,000 డాలర్ల నోట్లు. ఇవి జనంలో తిరిగాయి. చివరగా 1945లో అచ్చయ్యాయి, 1969 జూలైలో ఇవ్వడం ఆపేశారు, ఇప్పటికీ చెల్లుతాయి. 1928, 1934 సిరీస్‌లలో బొమ్మలు ఇవి: 500 మీద మెకిన్లీ, 1,000 మీద గ్రోవర్ క్లీవ్‌లాండ్, 5,000 మీద జేమ్స్ మాడిసన్, 10,000 మీద ట్రెజరీ కార్యదర్శిగా చేసిన సామన్ చేజ్. బొమ్మ మారితే అక్కడే ఆగిపోండి. అసలుదే అని తేలితే మాత్రం దాన్ని బ్యాంకులో వేసి అంకె తీసుకోవడం తెలివితక్కువ పని, అవి తిరిగి బయటికి రావు, నాశనం చేస్తారు, సేకరించేవాళ్ళు అంకె కంటే ఎక్కువే ఇస్తారు.

చేత్తో చూసే పరీక్షలు ఇప్పుడు. భూతద్దం పెట్టి చూస్తే అసలు నోట్ల మీద ముఖ్యమైన బొమ్మ సన్నని తెగని గీతలతో ఉంటుంది, ఇంట్లో ప్రింటర్‌తో తీసినవైతే రంగురంగుల చుక్కలు కనిపిస్తాయి. గోటితో రాస్తే చాలా నోట్లకి గరుకు తగులుతుంది. అల్ట్రావయొలెట్ లైటు కింద మామూలు కాగితం నీలంగా భగ్గున మెరుస్తుంది, నోటు కాగితం సాధారణంగా మెరవదు, దానిలో పెట్టిన దారాలూ గుర్తులే మెరుస్తాయి. కానీ 1923 జర్మనీ నోట్లకి ఈ పరీక్షలు పూర్తిగా పనికిరావు. అప్పుడు అచ్చు వేసే వేగం ధరలకి అందలేదు, బోలెడు ప్రైవేటు ప్రెస్సులకి పని అప్పగించారు, చాలా నోట్లకి వెనకవైపు ఖాళీ. చూస్తే పిల్లల ఆట కాగితంలా ఉంటాయి, అయినా అసలువే.

చిన్న అక్షరాలు చదవడం మాత్రం మానకండి. "నాట్ లీగల్ టెండర్", "ఫర్ మోషన్ పిక్చర్ యూజ్", "స్పెసిమెన్", "కాపీ" లాంటివి అంచుల్లో ఎక్కడో దూరి ఉంటాయి. సినిమా షూటింగుల కోసం వేసిన 100 డాలర్ల కాగితాలు దూరం నుంచి నిజంగానే మోసం చేస్తాయి. కొన్నిటి మీద గులాబీ రంగులో చైనా లిపి ఉంటుంది, అవి బ్యాంకు ఉద్యోగులు నోట్లు లెక్కపెట్టడం నేర్చుకోవడానికి వాడేవి. హెల్ బ్యాంక్ నోట్ అని రాసి ఉండి, జేడ్ చక్రవర్తి బొమ్మతో కోట్లలో అంకెలున్నవి చైనా వాళ్ళు పితృదేవతల కోసం కాల్చే కాగితాలు. వాటిని మోసం అనడానికి లేదు, వాటి పని అదే. విదేశీ నోట్ల కట్టలో కలిపి అమ్మేవాడిది మోసం.

సీరియల్ నంబర్‌ని ఇంటర్నెట్‌లో కొట్టడం చాలామంది మర్చిపోయే పని, నా దృష్టిలో పాత నోట్లకి ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు. పసుపు పట్టి, కరకరలాడుతూ, వందేళ్ళ నాటిదిలా కనిపించే 1,000 డాలర్ల బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ నోటు ఒకటుంది, తేదీ 1840 డిసెంబర్ 15, నంబర్ 8894. లెక్కలేనన్ని ఇళ్ళలో ఈ నోటు ఉంది, అన్నిటి మీదా అదే 8894. ఒకే నంబరుతో ఊరంతా నోట్లు ఉండవు కదా. అది జ్ఞాపికగా అమ్మిన కాపీ, ఆ పాత రంగు కూడా కాగితానికి కావాలని పట్టించిందే.

కేటలాగ్‌లో చూడాలంటే నోట్లు సేకరించేవాళ్ళు వాడే పిక్ నంబర్ అడగండి, ఆల్బర్ట్ పిక్ అనే జర్మన్ నిపుణుడి పేరు మీద వచ్చిన పద్ధతి అది. జింబాబ్వే 100 ట్రిలియన్లది 91. ఏ నోటుకైనా అమ్మేవాడు పిక్ నంబర్ చెప్పలేకపోతే, లేదా చెప్పిన నంబరు కింద కేటలాగ్‌లో వేరే బొమ్మ కనిపిస్తే బేరం వదిలేయండి. న్యూమిస్టా లాంటి సైట్లలో ఫోటోలు ఊరికే చూసుకోవచ్చు.

మోసాలు రెండు రకాలుగా వస్తాయి. చిన్నది ఉత్తుత్తి నోటుని అసలు నోటుగా చెలామణీ చెయ్యడం. 2004లో అమెరికాలోని జార్జియాలో ఒకావిడ సూపర్‌మార్కెట్‌లో 1,675 డాలర్ల సామాను తీసుకుని మిలియన్ డాలర్ల కాగితం ఇచ్చి చిల్లర అడిగింది, పోలీసులొచ్చారు. ఉత్తుత్తి నోటు ఇంట్లో ఉంచుకోవడానికీ, దాన్ని డబ్బని చెప్పి ఎవరికైనా ఇవ్వడానికీ చట్టం దృష్టిలో చాలా తేడా ఉంది. పెద్ద మోసాల్లో నోట్లు కాదు, బాండ్లు, అంటే ప్రభుత్వం అప్పు తీసుకుని ఇచ్చే పత్రాలు. 2009 జూన్‌లో ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులో కియాస్సో దగ్గర ఇద్దరి దగ్గర 134.5 బిలియన్ డాలర్ల అమెరికా బాండ్లు దొరికాయి, 50 కోట్ల డాలర్లవి 249, వంద కోట్ల డాలర్ల "కెనడీ బాండ్లు" 10. అన్నీ నకిలీవే. 2012లో జూరిచ్‌లో పెట్టెల్లో దొరికినవి 6 ట్రిలియన్ డాలర్ల 1934 నాటి బాండ్లట, అంటే అప్పటి అమెరికా మొత్తం అప్పులో మూడోవంతు కంటే ఎక్కువ! అవీ ఉత్తివే.

"త్వరలో రీవాల్యుయేషన్ జరగబోతోంది, కరెన్సీ విలువ పెంచేస్తారు, ఇరాక్ దీనార్లూ జింబాబ్వే నోట్లూ ఇప్పుడే కొనిపెట్టుకోండి, లోపలి సమాచారం" అనే ఆడియో మెసేజ్‌లు వస్తే టెన్షన్ పడి కొనకండి. ఇరాక్ దీనార్ నడుస్తున్న కరెన్సీ, దాని రేటు అందరికీ తెలిసిందే. జింబాబ్వే నోటు రద్దయిన కరెన్సీ, మార్చుకునే గడువు కూడా అయిపోయింది, దాని విలువ పెంచడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. ప్రతిసారీ తేదీ మారుతుంది, అమ్మేవాడు మారడు.

కొనాలనే ఉంటే, సరదాకైతే సరదా ధరే పెట్టండి. కాస్త ఎక్కువ పెట్టి అసలు నోటు కొంటున్నప్పుడు పీఎంజీ లాంటి గ్రేడింగ్ కంపెనీ (నోటు అసలుదో కాదో, ఏ స్థితిలో ఉందో తేల్చి కవర్లో సీలు వేసేది) కవర్లో ఉన్నది తీసుకుని, కవర్ మీద నంబర్ని ఆ కంపెనీ సైట్‌లో కొట్టి, ఫోటో సరిపోయిందో లేదో చూడండి, కవర్లకి కూడా నకిలీలు ఉంటాయి. ఇంట్లో ఉన్నవాటిని ఇస్త్రీ చెయ్యకండి, తడపకండి, పీవీసీ కలిసిన మెత్తటి కవర్లలో పెట్టకండి, అది కొన్నేళ్ళకి జిగటగా మారి నోటుని పట్టుకుంటుంది. ప్రతి నోటుకీ ఒక పేపర్ కవరు పెట్టి, దేశం, సంవత్సరం, పిక్ నంబర్, అసలుదా ఉత్తుత్తిదా అన్నది కవరు మీదే రాసిపెట్టండి, రేపు మీ పిల్లలు దాన్ని పట్టుకుని బ్యాంకు మేనేజర్ దగ్గరకి పరిగెత్తే పని తప్పుతుంది.